రెండో చిత్రిక

మూడో తారీఖు, సోమవారం

బల్ల పైచెక్కలు రెండూ ఇవాళ కూడా కలవలేదు. ఒకదాని అంచుని ఇంకోదానికి ఆనించి కిటికీ వెలుతురుకి ఎదురుగా పెడితే నడిమధ్యలో సన్నటి వెలుగు గీత. రెండు కొసలూ చక్కగా తాకుతున్నాయి, మధ్యలో మాత్రం పొసగని వియ్యంకుల్లా ఎడం. కొసల దగ్గర చిత్రిక పట్టి తగ్గించాను. ఇప్పుడు మధ్య తాకుతోంది, కొసలు ఎడం. ఇలా పడుతూ పోతే చివరికి మా ఆడపడుచుకి భోజనాల బల్ల బదులు పీట ఇవ్వాల్సి వస్తుంది.

తప్పు నాది కాదు, చిత్రికది. మా దగ్గరున్నది జానెడున్నర పొడవు. ఐదడుగుల చెక్క మీద అది పడవలా పోతుంది. పల్లం వస్తే దిగుతుంది, మెరక వస్తే ఎక్కుతుంది. ఎగుడుదిగుళ్లని అలాగే ఉంచి నున్నగా చేస్తుంది.

పాత పనిముట్ల కొట్టులో రెండు చూసి వచ్చాను. ఒకటి పొడుగుది, మూరెడుకి పైనే ఉంది. రెండోది అరచేతిలో ఇమిడేది. కొనగలిగేది ఒక్కటే. పొడుగుది కొంటే ఈ చెక్కలు కలుస్తాయి. చిన్నది కొంటే అంచుల పదును చంపడానికీ, సన్న పనులకీ పనికొస్తుంది. చిన్నదాన్ని ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. అది వేరే సంగతి.

ఆయన్ని అడిగాను, ఏది కొనమంటారని. గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాలుగో తారీఖు

మళ్లీ అడిగాను. దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

ఆరో తారీఖు, గురువారం

ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, అన్నయ్య బల్ల ఎంతవరకూ వచ్చింది? మా ఆఫీసులో అందరికీ చెప్పేశాను. ఒంటిచేత్తో చేస్తున్నాడంటే ఎవరూ నమ్మట్లేదు తెలుసా!"

"వస్తోంది," అన్నాను.

"ఒక్కసారి ఫోన్ ఇవ్వవూ, మాట్లాడతాను."

"పనిలో ఉన్నారు. చేతినిండా జిగురు."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే ఆయన మంచం మీద లేచి కూర్చుని నన్నే చూస్తున్నారు. "చేతినిండానా?" అన్నారు. కుడిచెయ్యి ఎత్తి చూపించారు. బొటనవేలూ, చూపుడువేలులో సగం. మిగతావి బల్లలు చేసే కార్ఖానాలో యంత్రం తీసుకుపోయి ఐదు నెలలైంది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఆ చేత్తో ఆయన ఎన్ని బల్లలు చేశారో లెక్కలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో బాగానే ఉన్నారు. "ఎవడి కిందా చెయ్యను, సొంతంగా పెట్టుకుంటాను, ఎడమచేత్తో నేర్చుకుంటాను" అని వెనక రేకుల గదిలో పనిబల్ల వేయించారు. రంపం, నాలుగు ఉలులు, ఈ చిత్రిక కొన్నారు. మూడు రోజులు లోపలినుంచి చప్పుళ్లు వచ్చాయి. నాలుగోరోజు రాలేదు. నేను వెళ్లి చూస్తే చెక్క మీద చిత్రిక అడ్డంగా ఇరుక్కుని ఉంది, ఆయన ముందుగదిలో పడుకుని ఉన్నారు. ఆ చిత్రికని ఇవతలికి తీసింది నేను. తీస్తూ ఊరికే ఒకసారి తోశాను. చెక్క మీదనుంచి పొర ఉంగరంలా చుట్టుకుంటూ లేచింది. ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నదాన్ని, గుడ్డ ఎటు లాగితే సాగుతుందో ఎటు లాగితే సాగదో వేళ్లకి తెలుసు. చెక్కకీ అలాంటి వాలే ఉంది. ఎదురు తోస్తే చీలుతుంది, వాలుగా తోస్తే మాట వింటుంది.

ఆడపడుచు బల్ల అడిగింది ఆ వారమే. ఆయన చేస్తారని చెప్పాను. లేచి చేస్తారనే అనుకున్నాను.

ఏడో తారీఖు

మేడ మీద బట్టలు ఆరేశాను. ఎండ బాగుంది. ఇంకేమీ జరగలేదు.

ఎనిమిదో తారీఖు, శనివారం

రేకుల గదిలో చెమ్మ ఎక్కువగా ఉంది. ఉలులు తుప్పు పడతాయని నూనెగుడ్డలో చుట్టి కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేశాను. పని అయ్యాక చిత్రిక బ్లేడు కూడా ఊడదీసి అందులోనే పెడుతున్నాను. ఆయన గడ్డం గీసుకునే బ్లేడ్లు కూడా. నొప్పిమాత్రల సీసా కూడా.

మేడ మెట్ల తలుపుకి కొత్త తాళం వేయించాను. పిల్లులు ఎక్కుతున్నాయి.

భయమేమీ లేదు. చెమ్మ, అంతే.

పదో తారీఖు, సోమవారం

చిన్నదే కొన్నాను.

కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ గిరాకీలని కసురుతూ ఉంటుంది. "నీకున్నదేమో మధ్యరకం. చెయ్యబోయేదేమో భోజనాల బల్ల. మరి ఈ చిన్నదెందుకు?" అంది.

"అంచులకి."

"అంచులకి గరుకు కాగితం చాలు కదమ్మా."

"నా చెయ్యి చిన్నది. దీనికైతే పట్టు బాగుంటుంది."

ఆవిడ నా చెయ్యి చూసింది. నాది చిన్న చెయ్యేమీ కాదు. చిత్రికని పాత పేపరులో చుట్టి ఇచ్చింది.

దారంతా సంతోషంగానే నడిచాను. నిజంగా చాలా బాగుంది. వీపు గుండ్రంగా ఉంటుంది, అరచెయ్యి దాని మీద బోర్లిస్తే సరిగ్గా సరిపోతుంది. ఎడమచెయ్యి అయినా సరే. నేను కొన్నది అంచుల కోసం. ఊరికే పనిబల్ల మీద కనపడేలా పెడతాను. ఆయన అటుగా వచ్చినప్పుడు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు.

పదకొండో తారీఖు

చూశారు.

మధ్యాహ్నం జాకెట్టు చేతులు కుడుతుంటే వెనకగదిలోంచి చెక్క మీద ఏదో గీరుకుపోతున్న చప్పుడు వినిపించింది. మిషను ఆపలేదు. ఆపితే వింటున్నానని తెలుస్తుందని ఉత్త గుడ్డ మీదే కుడుతూ కూర్చున్నాను. గీరు, ఆగడం, గీరు. నాలుగైదుసార్లు. నా గుండె సూదిలా పైకీ కిందకీ కొట్టుకుంటోంది.

"ఇలా రా," అని పిలిచారు.

వెళ్లాను. ఎడమచేతిలో చిన్న చిత్రిక. ముక్క మీద పిల్లి గీరినట్టు గాట్లు.

"ఇదెవరికి?"

"నాకే. అంచులకి."

"నీకు రెండు చేతులున్నాయి కదే."

"పట్టు బాగుంటుందని..."

"చెక్క ఒకచేత్తో పట్టుకుని ఇంకోచేత్తో దీన్ని తొయ్యాలి. చెక్కనెవరు పట్టుకుంటారు? నువ్వా? నేను ఆడుకుంటుంటే నువ్వు పట్టుకుంటావా?"

"పనిబల్లకున్న వైస్‌లో బిగిద్దామండీ. నేను బిగిస్తాను, మీరు..."

"అదీ. నువ్వు బిగిస్తావు. అయ్యాక నువ్వే చప్పట్లు కొడతావు. చెల్లెలికి ఫోన్ చేసి మీ అన్నయ్య ఇవాళ ఓ పుల్ల చెక్కాడోచ్ అని చెప్తావు."

గోడకేసి కొట్టారు. ముందు సున్నం రాలింది, తర్వాత చిత్రిక. బ్లేడు బయటికి వచ్చే మూతి దగ్గర ఇనుము పెచ్చు ఊడింది.

నేనూ అరిచాను. ఏమన్నానో రాయను. రాస్తే మళ్లీ చదువుతాను.

పన్నెండో తారీఖు

అన్నది రాసేస్తాను. "పడుకోండి, పోయేదాకా అలాగే పడుకోండి" అన్నాను. పోయేదాకా అని నా నోటితో అన్నాను.

పద్నాలుగో తారీఖు, శుక్రవారం

రెండురోజులుగా ఆయన కంచం ముందు కూర్చుంటున్నారు, తినడం లేదు. నేను మిషను ముందు కూర్చుంటున్నాను, కుట్టడం లేదు. రోజుకి పదిసార్లు సొరుగు తాళం లాగి చూస్తున్నాను. పదిసార్లు కాదు, ఇంకా ఎక్కువే. ఆయన స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటున్నాను. చప్పుడు ఆగితే ఏదో ఒకటి అడుగుతాను. "తువ్వాలు ఉందా?" అంటాను. ఉందని నాకు తెలుసు. ఉందనే ఆ గొంతు కావాలి.

ఇల్లు కదలకూడదనుకున్నాను కానీ ఇంట్లో ఊపిరాడలేదు. పక్కింటావిడని వచ్చి కూర్చోమని, ఆవిడ జాకెట్టుకి గుండీలు ఆయన్నే వెతికి ఇవ్వమని చెప్పి, చిన్న చిత్రిక సంచిలో వేసుకుని కొట్టుకి పరిగెత్తాను.

కొట్టావిడ పెచ్చు ఊడినచోట వేలు పెట్టి చూసింది. "పడిందా?"

"పడింది."

"పడితే ఇలా ఊడదు. విసిరితే ఊడుతుంది."

నేను సంచి తాడు చేతికి చుట్టుకున్నాను.

"ఇది నేను తిరిగి తీసుకోలేనమ్మా. అసలు నీ పని ఎక్కడ ఆగిందో చెప్పు. చిత్రికలు చూసి చిత్రిక కొనకూడదు. పని చెప్తే ఏది కావాలో నేను చెప్తాను."

"ఐదడుగుల చెక్కలు రెండు. అంచులు కలవట్లేదు."

"అయితే పొడుగుది. ఇందులో ఆలోచించేదేముంది? మొదటిరోజే ఆ ముక్క చెప్తే పోయేది కదా."

ఆలోచించేది ఏమీ లేదు. నాకు మొదటిరోజే తెలుసు. అక్కడ గోడకి నిలబెట్టి ఉన్న ఆ పొడుగుదాన్ని చూస్తే నా భుజాలు ఉవ్విళ్లూరాయి. దాన్ని తోస్తే చెక్క ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే పొర లేస్తుంది, తెగకుండా, చీర కుచ్చిళ్లలా. అది నాకు కావాలి. ఆయన చెయ్యి పోయిన పని మీద నాకు ఆశ పుట్టింది. ఆయన అటు పడుకుని ఉంటే ఇటు నేను చెక్క వాసనకి సంబరపడుతున్నాను. అందుకని చిన్నది కొన్నాను. నా ఆశకి జరిమానాగా ఆయన చేతిలో బొమ్మ పెట్టాను.

కొట్టులో నిలబడి ఏడ్చాను. ఆవిడ వేరుశనక్కాయలు దోసిట్లో పోసి, "కూర్చో. ఎవరైనా వస్తే నేను తిట్టానని చెప్తాలే," అంది.

పదిహేనో తారీఖు, శనివారం

పొద్దున కూరగాయలు తెచ్చి తలుపు తీశాను. ముందుగదిలో నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద ఉలులు నాలుగూ వరసగా పేర్చి ఉన్నాయి. పక్కన చిత్రిక బ్లేడు. గడ్డం బ్లేడ్లు. మాత్రల సీసా. సొరుగు తాళం విరిగి ఉంది. ఆయన బల్ల అవతల కుర్చీలో కూర్చుని ఉన్నారు.

సంచి చేతిలోంచి జారింది. టమాటాలు గది నాలుగు మూలలకీ దొర్లాయి.

"చిన్నదాని మూతి అరగదీసి బాగుచేద్దామని ఆకురాయి కోసం వెతికాను. గదిలో ఒక్క ఉలీ లేదు," అన్నారు. "ఇవన్నీ ఎందుకు దాచావు?"

"తుప్పు పడుతుందని."

"మాత్రలకి కూడానా?"

నవ్వారు. ఐదు నెలల తర్వాత నవ్వారు. ఆ నవ్వు చూసి అక్కడే కింద కూర్చున్నాను.

"మేడ మీద నన్ను చూసిన రోజు నుంచేనా?"

"ఏ రోజు?" అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఏడో తారీఖు. తడిబట్టల బకెట్టుతో మెట్లెక్కేసరికి ఆయన పిట్టగోడ మీద కూర్చుని ఉన్నారు, కాళ్లు అవతలివైపు వేసి. బట్టలు ఆరాయేమో చూద్దామని వచ్చానన్నారు. బట్టలు ఇంకా నా బకెట్టులోనే ఉన్నాయి. "అవునా, కిందకి రండి, టీ పెడతాను," అన్నాను. టీ పెట్టాను. తాగారు. ఈ డైరీలో ఎండ బాగుందని రాశాను.

"నేను బట్టలు చూడ్డానికి వెళ్లలేదు," అన్నారు.

"తెలుసు."

"తెలిస్తే అడగలేదేం?"

"అడిగితే చెప్తారేమోనని."

ఆయన వంగి కుర్చీ కింద ఉన్న టమాటా తీసి బల్ల మీద పెట్టారు. ఇంకోటి తీశారు. అన్నీ అయ్యాక, "నాకు కోపం వచ్చింది తాళం చూసి కాదు," అన్నారు. "నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి, చెప్పకుండా దాచావు చూడు, దానికి."

"చెప్పడం నా వల్ల కాలేదండీ."

"వేరే తాళం కొను. మళ్లీ అందులోనే పెట్టు. కానీ నాకు చెప్పి దాచు."

"చెప్పి దాచడమేంటి?"

"నాకు కూడా భయంగానే ఉందే," అన్నారు.

పదహారో తారీఖు

చేతి డాక్టరు ఎప్పుడో రాసిచ్చిన చీటీ వెతికాను. మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ చిరునామా. అప్పుడు ఆయన, "వేళ్లు పోతే తలకి వైద్యమేంటి, వీళ్ల లెక్క ఎక్కడో తప్పింది," అని జోకు వేశారు. నేనూ నవ్వాను. చీటీ పాత పత్రికల మధ్య దొరికింది. ఇవాళ తొందరగా కుదిరేలా సమయం అడగమని ఆయనే అన్నారు. ఫోన్ చేస్తే గురువారం రమ్మన్నారు. అప్పటిదాకా ఒంటరిగా ఉంచొద్దన్నారు, పరిస్థితి మరీ కష్టంగా ఉంటే ఆగకుండా వెంటనే వచ్చేయమన్నారు. మాత్రల సీసా పక్కింటావిడకి ఇచ్చేశాను. ఆయనకి చెప్పే ఇచ్చాను.

పదిహేడో తారీఖు

ఆడపడుచుకి నిజం చెప్పాను. బల్ల చేస్తున్నది నేనని చెప్పాను, మిగతాది కూడా. ఏడ్చింది. రాత్రి బస్సుకి వస్తానంది. గురువారం తర్వాత రమ్మన్నాను. తర్వాత ముక్కు చీదుకుని, "అయితే వదినా, ఆఫీసులో ఏం చెప్పాలి?" అంది. ఆ మాటకి ఇద్దరం నవ్వాం.

పద్దెనిమిదో తారీఖు, మంగళవారం

ఆయన మంచం అంచున కూర్చుని, చెప్పేశాను. "ఆ పొడుగు చిత్రిక నాకు కావాలి. బల్ల కోసం కాదు. నాకే కావాలి. చెక్కపని నాకు బాగుంది. మీకిలా అయ్యాక నాకు బాగుండటం తప్పేమో, కానీ బాగుంది."

ఆయన మొహం చూడలేక దుప్పటి మడతలు సవరిస్తున్నాను.

"తెలుసు," అన్నారు. "నువ్వు తోసేటప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. మొదట్లో కుంటుతూ ఉండేది. ఇప్పుడు ఒకే ఊపిరిలో పోతోంది."

"మరి నేను అడిగితే పలకలేదేం?"

"ఏం పలకను? పొడుగుదే కొను అంటే, నా పని అయిపోయిందని నేనే ఒప్పుకున్నట్టు. చిన్నది కొను అంటే అబద్ధం."

కళ్లు మూసుకున్నారు. మధ్యాహ్నం అన్నం తినలేదు. నిజం చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు. దిగలేదు. ఇద్దరం చెరోపక్కా పట్టుకున్నాం, అంతే.

పంతొమ్మిదో తారీఖు, బుధవారం

కొట్టుకి ఆయన కూడా వచ్చారు. కుడిచెయ్యి జేబులో పెట్టుకునే నడిచారు. దారిలో రెండుసార్లు ఆగి, "వెళ్లిపోదామా," అన్నారు. "సరే," అని ఇద్దరం నిలబడేవాళ్లం. కాసేపటికి ఆయనే ముందుకి నడిచేవారు.

కొట్టావిడ పొడుగుది బల్ల మీద పెట్టింది. ఆయన జేబులోంచి చెయ్యి తీశారు. ఆవిడ చూసింది, చూడనట్టు ఉండలేదు, అయ్యో అనలేదు. "ఎన్నాళ్లైంది?" అంది. "ఐదు నెలలు." "ఊఁ" అంది.

ఆయన చిత్రికని తిరగేసి అడుగుభాగాన్ని కంటి దగ్గర పెట్టుకుని బాణం గురి చూసినట్టు చూశారు. బ్లేడు వదులు చేయించారు. నన్ను రెండుచేతులతో పట్టుకోమని, మోచేతులు ఎక్కడికి వస్తున్నాయో చూశారు. వెనక పిడి వదులుగా ఉందని బేరమాడారు. ఆవిడ ఆయన్ని తిట్టింది, ఆయన ఆవిడకి ఇనుము గురించి పాఠం చెప్పారు. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. పాత మనిషి గొంతు.

"ఇంతకీ ఇదెవరికి, నీకా?" అంది ఆవిడ.

"కాదు. మా వడ్రంగికి," అని నావైపు గడ్డంతో చూపించారు.

చెప్పేసి బయటికి వెళ్లిపోయారు. నేను పేపరులో చుట్టించుకుని వచ్చేసరికి వీధిగోడకి ఆనుకుని నిలబడి, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్నారు. చిత్రిక చంటిపిల్లంత బరువుంది. ఆయన ఎత్తుకుంటానన్నారు. ఇచ్చాను.

ఇరవయ్యో తారీఖు, గురువారం

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. చెక్కని వైస్‌లో నేనే బిగించాను. మొదటి తోపుకి అక్కడక్కడ ముక్కలుగా లేచింది పొర. "మెరకలు కొడుతోంది, ఆగకు," అన్నారు. ఆరోదో ఏడోదో, ఈ కొసన మొదలై ఆ కొసదాకా తెగకుండా వచ్చింది. ఐదడుగుల పొర. నా భుజం మీద పడింది. రెండో చెక్క కూడా పట్టాక అంచులు రెండూ ఆనించి కిటికీకి ఎదురుగా పెట్టాం. ఆయన కన్ను ఆనించి ఆ కొసనుంచి ఈ కొసకి నడిచారు. మధ్యలో వెలుగు గీత లేదు. "దీనికి జిగురు కూడా దండగే," అన్నారు. నవ్వారు. జిగురు నేను రాశాను, చెక్కలు రెండిటినీ అదిమిపట్టే క్లాంపుల మరలు ఆయన ఎడమచేత్తో తిప్పి బిగించారు. ఇంత మంచి పొద్దు మా ఇంట్లో చూసి ఎన్నాళ్లైందో.

మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నన్ను కూడా లోపలే కూర్చోమన్నారు ఆయన. నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. తర్వాత కాగితం పక్కనపెట్టి నేరుగా అడిగింది. "చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా?"

"వస్తోంది."

"ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది?"

"ఇవాళ పొద్దున," అన్నారు. "చెక్కలు కలిశాక."

నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. చెక్కలు కలిశాక. ఆయన నవ్వాక. నేను సంబరపడుతూ జిగురు సీసా కోసం అటు తిరిగినప్పుడు.

డాక్టరమ్మ తొందరపడలేదు. అప్పుడేం చేశారని అడిగింది. "ఏం చెయ్యలేదు. మరలు తిప్పుతూ ఉన్నాను," అన్నారు. మరలు తిప్పుతున్నంతసేపూ పక్కనే ఉన్నాను నేను. నాకేమీ తెలియలేదు. ఇక ముందు కూడా తెలియదేమో. ఆయన చెప్తేనే తెలుస్తుంది. ఇవాళ చెప్పారు. నా ముందు, నేను వినేలా చెప్పారు.

మందులు రాసింది. గుణం కనిపించడానికి వారాలు పడుతుందంది. సోమవారం మళ్లీ రమ్మంది. ఏ వేళైనా చెయ్యమని నంబరు ఇచ్చింది. ఆ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాను.

ఇంటికి వచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెనకగదిలోకి వెళ్లారు. నేను వెనకే వెళ్లాను, చాటుగా కాదు, ఎదురుగానే. అతుకు దగ్గర కారిన జిగురుని గోటితో నొక్కి చూస్తున్నారు.

"ఇంకా పచ్చిగా ఉంది. రేపు పొద్దుటిదాకా విప్పకూడదు," అన్నారు.

"విప్పను."

"నువ్వు ఆగలేవు, నాకు తెలుసు. పొద్దున నేను విప్పుతాను. నేను లేచేదాకా ముట్టుకోకు."

ముట్టుకోనన్నాను.